టీడీఎస్ బాగానే ఉంది, మరి ఫ్లోరిన్ సంగతి? దర్శి వైపు ఒక ఊరి వాటర్ ప్లాంటు మీద సమీక్ష

దర్శి నుంచి పొదిలి వెళ్లే రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, పంచాయతీ స్థలంలో నడుస్తున్న వాటర్ ప్లాంటు గురించి ఇది. గంటకు 1000 లీటర్ల ఆర్వో, అంటే నీళ్లను మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా ఒత్తిడితో నెట్టి ఉప్పులు వేరుచేసే యంత్రం. 20 లీటర్ల క్యాను మనమే పోయి పట్టుకుంటే 5 రూపాయలు, ఆటోలో ఇంటికి తెప్పించుకుంటే 15. చిల్లర వేసే పెట్టె ఉంది, కార్డు కూడా ఉంది. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ కనబడిన లోపాలు చుట్టుపక్కల చాలా ప్లాంట్లలో కనబడేవే, పైగా నెల జీతం మీద పనిచేసే ఆపరేటరు మీదకు నేరం పోకూడదు. ముందే తేల్చి చెప్పాలంటే యంత్రం మంచిది, మనిషి మంచివాడు, ఒక్క వాల్వు మాత్రం ఉండకూడని చోట ఉంది.

ఈ వైపు ప్లాంటు దేనికి పెట్టారో ముందు గుర్తు చేసుకోవాలి. ఇక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని కాదు, వాటిలో ఫ్లోరిన్ ఉందని. దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరిన్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు గురించి శాస్త్రీయంగా మొదట రాసింది 1937లో, అదీ నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. వానలు తక్కువ, బోర్లు లోతు. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని ఫ్లోరిన్‌ను కరిగించుకుంటాయి. సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లయితే ఇంకా సులువుగా కరుగుతుంది. అందుకే నాలుక మీద మెత్తగా, తియ్యగా తగిలే బోరులోనే ఫ్లోరిన్ ఎక్కువ ఉండడం ఇక్కడ వింత కాదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార చారలుగా, పెద్దవాళ్లలో గడ్డం గుండెకు ఆనించలేకపోవడంగా, గొంతుక్కూర్చోలేకపోవడంగా బయటపడేదాకా దాని సంగతి తెలియదు. కాచి చల్లార్చితే పోతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోదు. నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరిన్ గిన్నెలోనే మిగిలి, ఇంకాస్త చిక్కబడుతుంది.

యంత్రం వరస ఇలా ఉంది. బోరు నుంచి 5000 లీటర్ల నల్ల ట్యాంకు, అక్కణ్ణుంచి పంపు, ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, యాంటీస్కేలెంట్ (మెంబ్రేన్‌కు సున్నం పట్టకుండా ఆపే మందు) చుక్కలు వేసే చిన్న డోసింగ్ పంపు, 20 అంగుళాల కాట్రిడ్జి ఫిల్టరు, హై ప్రెషర్ పంపు, నాలుగు మెంబ్రేన్లు, చివర 2000 లీటర్ల స్టీలు ట్యాంకు. మెంబ్రేన్లు 4040 సైజువి, ఒక్కొక్కటి గంటకు సుమారు 250 లీటర్లు ఇస్తుంది. లోపలికి గంటకు 2000 లీటర్లు పోతే 1000 మంచినీళ్లుగా, 1000 రిజెక్టుగా, అంటే ఉప్పులు చిక్కబడి బయటికి వదిలేసే నీళ్లుగా వస్తాయి. ఇసుక ఫిల్టరుకు రోజూ పొద్దున పది పదిహేను నిమిషాలు బ్యాక్‌వాష్ ఇస్తున్నారు, అంటే నీళ్లు ఎదురు పంపి కడుగుతున్నారు. కట్టేసే ముందు రిజెక్టు వాల్వు పూర్తిగా తెరిచి ఐదు నిమిషాలు మెంబ్రేన్లను కడుగుతున్నారు. కాట్రిడ్జి రెండు వైపులా ప్రెషర్ గేజీలు పనిచేస్తున్నాయి, రెండింటి మధ్య తేడా కిలో దగ్గర పడగానే మారుస్తున్నారు. చెడిపోయిన గేజీ అద్దం వెనక ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉన్న ప్లాంట్లు చూసిన కళ్లకు ఇది పెద్ద సంగతే.

ఇక ఆ వాల్వు. మెంబ్రేన్లకు ముందు నుంచి ఒక అర అంగుళం పైపు తీసి, మెంబ్రేన్ల తర్వాత లైనులో కలిపారు. మధ్యలో ఒక బాల్ వాల్వు. దీన్ని బైపాస్ అనీ, బ్లెండింగ్ అనీ అంటారు. ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటారు, ఆ వాల్వు కాస్త తిప్పితే బోరు నీళ్లు కొంచెం కలిసి రుచి వస్తుంది. పైగా గంటకు 1000 లీటర్ల ప్లాంటు 1300 ఇస్తుంది, వరస త్వరగా కదులుతుంది, మెంబ్రేన్ మీద భారం తగ్గుతుంది. అందరికీ లాభంగానే కనబడుతుంది. కుళాయి దగ్గర తగిలించిన టీడీఎస్ మీటరు 460 చూపిస్తుంది. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, కాబట్టి పాస్.

లెక్క వేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. బోరు నీళ్లలో టీడీఎస్ 1600, ఫ్లోరైడు (నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరిన్) లీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకోండి. మెంబ్రేన్ బాగా ఉంటే టీడీఎస్ 95 శాతం తగ్గి 80 అవుతుంది, ఫ్లోరైడు 90 శాతం తగ్గి 0.4 అవుతుంది. ఇప్పుడు నాలుగో వంతు బోరు నీళ్లు కలపండి. టీడీఎస్ 460. ఫ్లోరైడు 1.3. ప్రమాణం ఏమంటుందంటే 1.0 దాకా మంచిది, వేరే ఆధారం లేనిచోట మాత్రం 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ప్లాంటు పెట్టాక కూడా వేరే ఆధారం లేదనడానికి వీల్లేదు కదా. వాల్వు ఇంకో చిటికెడు తిరిగి మూడో వంతు కలిస్తే ఫ్లోరైడు 1.6 అయిపోతుంది. అప్పుడు మీటరు 590 దగ్గర ఉంటుంది, చూసినవాళ్లు "కొంచెం ఎక్కువే, అయినా పర్లేదు" అంటారు. ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో అన్నది మాత్రమే. ఏ ఉప్పు ఎంత ఉందో దానికి తెలియదు, క్రిముల సంగతి అసలే తెలియదు. ఉప్పు నీళ్ల ఊళ్లలో రుచి కోసం బైపాస్ పెట్టుకుంటే పెట్టుకోవచ్చేమో, ఫ్లోరిన్ ఊళ్లో దానికి చోటు లేదు. చప్పదనమే బాధ అయితే మెంబ్రేన్ తర్వాత సున్నపురాయి గుండ ఉన్న మినరల్ కాట్రిడ్జి పెట్టాలి. రుచీ వస్తుంది, సున్నమూ వస్తుంది, ఫ్లోరిన్ మాత్రం రాదు.

తేల్చుకోవడానికి మూడు సీసాలు చాలు. బోరు దగ్గర ఒకటి, మెంబ్రేన్ దాటాక బైపాస్ కలిసే చోటికి ముందు ఒకటి, జనం పట్టుకునే కుళాయి దగ్గర ఒకటి. ప్లాస్టిక్ సీసా వాడాలి, ఫ్లోరైడుకు గాజు పనికిరాదు. ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపాలి, మీద చీటీ అంటించాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడడం నేర్పించాలన్నది లెక్క. ఆ కిట్‌లో ఫ్లోరైడు మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగు నుంచి పసుపు వైపు తిరుగుతాయి. ఎంత పసుపైతే అంత ఫ్లోరిన్, రంగుల అట్ట పక్కన పెట్టి చూసుకోవాలి. కాకపోతే 1.0కీ 1.3కీ తేడా కంటికి ఆనదు. అనుమానం ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపాలి. రెండో సీసా, మూడో సీసా ఒకటే తక్కువ అంకె చూపిస్తే ప్లాంటు మంచిదే. మూడోదానిలో ఎక్కువ ఉంటే దోషం వాల్వుదే. రెండోదానిలోనే ఎక్కువ ఉంటే మెంబ్రేన్ పోయినట్టు, లేదా మెంబ్రేన్ల నడుమ ఓ-రింగు చిట్లినట్టు. ఓ-రింగు అయితే ఆ ఒక్క గొట్టం నుంచి వచ్చే నీళ్ల టీడీఎస్ మిగతా మూడింటికంటే బాగా పైన ఉంటుంది, రబ్బరు చుట్టు మార్చి కాస్త గ్లిజరిన్ రాసి బిగిస్తే సరిపోతుంది.

రెండో తప్పు డోసింగ్ పంపులో ఉంది. యాంటీస్కేలెంట్ లీటరుకు 4 మిల్లీగ్రాముల లెక్కన వేయాలంటే, గంటకు 2000 లీటర్ల నీళ్లకు 8 గ్రాములు కావాలి. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 64 గ్రాములు, నెలకు రెండు కిలోల దాకా. ఈ ప్లాంటులో పొదుపు కోసం డబ్బాలో నీళ్లు ఎక్కువ పోసి మందును పలచన చేస్తున్నారు. పంపు కొట్టుకుంటూనే ఉంటుంది, చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది. లోపల మాత్రం సున్నపు పొర చివరి మెంబ్రేన్ నుంచి మొదలవుతుంది, ఎందుకంటే నీళ్లు అక్కడికొచ్చేసరికే బాగా చిక్కబడతాయి. గంటకు 1000 వచ్చేది 800 అవుతుంది. అప్పుడు చేసే పని ఇంకా చేటు. మంచినీళ్లు పెంచడానికి రిజెక్టు వాల్వు బిగిస్తారు. సగానికి సగం వచ్చేటప్పుడు లోపలి నీళ్లు రెండింతలు చిక్కబడతాయి. నూటికి 70 పిండితే మూడింతలు దాటిపోతుంది. సున్నం ఇంకా వేగంగా పట్టి, మూడేళ్లు రావలసిన మెంబ్రేన్ ఏడాదికే మూలనపడుతుంది. పొర పలచగా ఉన్నప్పుడే సిట్రిక్ ఆమ్లం రెండు శాతం కలిపి అరగంట, గంట తిప్పి కడిగితే తిరిగి వస్తుంది. గట్టిపడ్డాక ఎంత కడిగినా రాదు. ఇంకొక మాట, పాచి పట్టిందని బోరు ట్యాంకులో బ్లీచింగ్ పోసేస్తారు కొందరు. బొగ్గు ఫిల్టరు పాతబడితే ఆ క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌ను తినేస్తుంది. ఇక్కడ ఆ పని చేయడం లేదు, అది మెచ్చుకోవలసిందే.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా రద్దీ. గంటకు 50 క్యాన్లు, మూడు గంటలకు 150, ముందే నిండి ఉన్న స్టీలు ట్యాంకు నుంచి ఇంకో 100, మొత్తం 250. అంటే రాత్రి ట్యాంకు నింపి పెడితే 250 ఇళ్లకు వరస పెద్దగా లేకుండా సరిపోతుంది. తెల్లవారుజామున కరెంటు పోతే మాత్రం ఆ 100 క్యాన్లతోనే సరి. ఇక్కడ రాత్రి నింపుతున్నారు, బాగుంది. కానీ క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) దీపం ట్యాంకుకు ముందు బిగించారు. యూవీ తన గొట్టంలోంచి పోయే నీళ్లనే శుద్ధి చేస్తుంది, దాని ప్రభావం తర్వాత మిగలదు. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు. రాత్రంతా ట్యాంకులో నిలిచిన నీళ్లలో క్రిమి పుడితే అడిగేవాడు లేడు. దీపాన్ని ట్యాంకుకూ కుళాయికీ మధ్యకు మార్చాలి. దీపం వెలుగుతోంది కదా అనుకోకూడదు, ఎనిమిది తొమ్మిది వేల గంటలు దాటితే నీలంగా వెలుగుతూనే ఉంటుంది గాని క్రిములను చంపే శక్తి పోతుంది. బిగించిన తేదీ దాని డబ్బా మీద రాసి ఉండాలి. ఇక్కడ రాయలేదు.

రిజెక్టు నీళ్లు రోడ్డు పక్క గుంటలోకి పోతున్నాయి. పైన వేసిన లెక్క ప్రకారమే చూస్తే వాటిలో టీడీఎస్ 3100 దాటుతుంది, ఫ్లోరైడు 7.6. మధ్యాహ్నం ఎండకు గేదెలు ఆ గుంటలోనే దిగి తాగుతున్నాయి. ఫ్లోరిన్ మనిషి ఎముకల్ని ఎంత పాడుచేస్తుందో పశువుల ఎముకల్నీ, పళ్లనీ అంతే పాడుచేస్తుంది. ఇంకుడు గుంట తవ్వి అందులో వదలడం ఇంకా తప్పు, అది తిరిగి అదే బోరులోకి దిగుతుంది. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి, రోడ్డు మీద దుమ్ము అణచడానికి వాడుకోవచ్చు. పశువుల తొట్టికి మాత్రం కలపకూడదు.

క్యాన్ల గురించి కొంచెం. ప్లాంటు ఎంత బాగున్నా క్యాను పచ్చగా పాచి పట్టి ఉంటే లాభం లేదు. ఇసుక వేసి గిలక్కొట్టి కడిగే అలవాటు ఉంది, దానివల్ల లోపల గీతలు పడి పాచికి అవే గూళ్లవుతాయి. పదిహేను రోజులకొకసారి 20 లీటర్ల నీళ్లలో 3 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే టీ చెంచాలో సగానికి కాస్త పైన, ముందు గిన్నెలో కలిపి తేర్చి పైతేట పోయాలి. అరగంట ఉంచి, పారబోసి, రెండుసార్లు తొలవాలి. నింపిన క్యాను ఎండలో, మిద్దె మెట్ల మీద పెట్టొద్దు. చెంబు ముంచే క్యానుకంటే కుళాయి ఉన్నది మేలు.

ధర సంగతికి వస్తే, నీళ్లు మనిషి హక్కని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న తీర్మానం చేసింది, భారత్ కూడా దానికి అనుకూలంగా ఓటు వేసింది. అంతకు ముందే 1991లో మన సుప్రీంకోర్టు కాలుష్యం లేని నీళ్లు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ హక్కుకు చెప్పుకునే కొలతలు కొన్ని ఉన్నాయి. నీళ్లు కిలోమీటరు లోపు దొరకాలి, తెచ్చుకోవడానికి అరగంట మించకూడదు, ఖర్చు ఇంటి రాబడిలో మూడు శాతం దాటకూడదు. నెలకు పదివేలు వచ్చే కూలి ఇంటికి మూడు శాతం అంటే 300. రోజుకో క్యాను 5 రూపాయల చొప్పున 150, సరిపోయింది. అదే ఇంట్లో మోయగలిగినవాళ్లు లేక ఆటోలో తెప్పించుకుంటే 450. అంటే మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు, ఫ్లోరిన్ వల్లే నడుం వంగినవాళ్లు, తక్కినవాళ్లకంటే మూడింతలు కట్టాలి. ప్లాంటు మీద మా పెద్ద ఫిర్యాదు వాల్వు అయితే, దాని తర్వాత ఇదే. అలాంటి ఇళ్లు ఊళ్లో ఎన్ని ఉంటాయి, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పంచాయతీ ఆటోవాడితో మాట్లాడి వాళ్లకు ఐదుకే ఇప్పించవచ్చు.

20 లీటర్లు నలుగురికి పంచితే తలకు ఐదు. తాగడానికి మూడు, వంటకు రెండు. ఇక్కడే చాలా ఇళ్లలో తప్పు జరుగుతోంది. క్యాను నీళ్లు తాగడానికే ఉంచుకుని, అన్నం, పప్పు, చారు బోరు నీళ్లతో వండుతున్నారు. గంజి వార్చకుండా ఇగర్చిన అన్నంలో ఎసరు నీళ్లన్నీ గింజలోకే పోతాయి, వాటితో పాటు ఫ్లోరిన్ కూడా. బియ్యం, కూరగాయలు కడగడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు. ఎసట్లోకి మాత్రం క్యాను నీళ్లే పోయాలి. అందుకు ఇంకో క్యాను కావలసివస్తే అది దండగ ఖర్చు కాదు.

కుళాయి నీళ్లను చిన్నచూపు చూడనక్కర్లేదు. సాగర్ కుడి కాలవ నీళ్లు చెరువుకు చేరి, అక్కణ్ణుంచి ట్యాంకెక్కి వచ్చే రోజుల్లో ఆ నీళ్లలో ఫ్లోరిన్ బోరుతో పోలిస్తే చాలా తక్కువ, క్లోరిన్ కూడా కలుపుతారు కాబట్టి క్రిమి భయమూ తక్కువ. ఆ రోజుల్లో బైపాస్ తిప్పిన క్యాను నీళ్లకంటే అవే నయం. చిక్కల్లా కాలవ ఆగిపోయాక చెప్పాపెట్టకుండా అదే ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించడంతో వస్తుంది. ఇక్కడ మాత్రం టీడీఎస్ మీటరు నిజంగా పనికొస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ అంకె ఒక్కసారిగా రెండు మూడింతలైతే బోరు కలిసిందని అర్థం. ఆ రోజు నుంచి ఎసరుకు క్యాను.

ఇంట్లో సొంతంగా ఆర్వో బిగించుకున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. అది ప్లాంటులోని బైపాస్‌కు తమ్ముడే. బిగించే మెకానిక్ రుచి కోసం దాన్ని కాస్త తెరిచి పోతాడు. బోరు నీళ్ల ఇంట్లో దాన్ని పూర్తిగా మూయించాలి, మీటరు ఎంత తక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు.

మళ్లీ ఊరి ప్లాంటుకే వస్తే, ఐదుకు మూడున్నర ఇవ్వవచ్చు. శుభ్రం, వేళ, చిల్లర లేదని వెనక్కి పంపకపోవడం, ఫిల్టర్లు సమయానికి మార్చడం, వీటన్నిటికీ పూర్తి మార్కులు. గోడ మీద టీడీఎస్ పక్కన ఫ్లోరైడు అంకె, పరీక్ష చేసిన తేదీ రాయకపోవడానికి అర మార్కు కోత. మిగిలిన ఒక మార్కు ఆ వాల్వుకు. దాన్ని కట్టేసి ఊరుకుంటే చాలదు, ఎండాకాలం వరస పెరగ్గానే ఎవరో ఒకరు మళ్లీ తిప్పుతారు. పైపును రెండు వైపులా కోసి, అర అంగుళం ఎండ్ క్యాపులు రెండు పెట్టి సొల్యూషన్‌తో అతికించేయాలి. పావుగంట పని.